కృష్ణా తీరంలో కరెంటు – 7వ భాగం: శివారు వోల్టేజీ

గత భాగంలో మాచ్‌ఖండ్ కరెంటు తూర్పు కనుమలు దిగి కోస్తాకు రావడం చూశాం. 1955 ఆగస్టులో దుడుమ జలపాతం దగ్గర మొదటి యంత్రం తిరిగింది. అప్పటిదాకా బెజవాడకు దిక్కు మద్రాసు ప్రభుత్వం పెట్టిన చిన్న థర్మల్ కేంద్రమే. పట్టణాల్లో కరెంటు అమ్ముకునే ప్రైవేటు కంపెనీలకూ ప్రభుత్వానికీ నడిచిన పోరులో రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1954లో గెలిచింది. అదే ఏడు ఆంధ్ర శాసనసభ కొత్త చట్టం చేసి ఆ తీర్పును దాటేసింది. చివరికి 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. అక్కడ ఆగాం.

ఈ భాగం ఆ తర్వాతి ఇరవై ఏళ్ల కథ. స్తంభాలు వచ్చాయి, తీగలు వచ్చాయి, స్విచ్చి వేస్తే బల్బు వెలిగింది. అయినా చదువుకునే పిల్లవాడి పక్కన కిరసనాయిలు లాంతరు అలాగే ఉండిపోయింది. ఎందుకుండిపోయిందో తెలుసుకోవాలంటే చరిత్రతో పాటు కాస్త లెక్క కూడా చేయాలి. ఎక్కాలు వచ్చినవారెవరైనా చేయగల లెక్కే.

కృష్ణా డెల్టాలో పుట్టినవారికి శివారు సంగతి చెప్పనక్కర్లేదు. 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇక్కడి తగవులన్నిటికీ మూలం అదే. కాలువ ఎగువన ఉన్న రైతు మడి నిండాకే దిగువకు నీరు. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను, పడమటి గట్టున రేపల్లె, నిజాంపట్నం – సముద్రం దగ్గరి ఊళ్లన్నీ నీటికోసం ఎదురుచూసిన ఊళ్లే. కరెంటు వచ్చినప్పుడూ అదే జరిగింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న ఇంట్లో బల్బు తెల్లగా వెలిగేది. తీగ చివరనున్న ఇంట్లో, సాయంత్రం ఆరు దాటి మోటార్లన్నీ తిరుగుతున్న వేళ, బల్బు లోపలి తీగ ఎర్రగా కనిపించేది. రాత్రి పదకొండు దాటాక, అందరూ పడుకున్నాక, అదే బల్బు భళ్లున వెలిగేది. ఊరికి సినిమా తెచ్చిన టూరింగ్ టాకీసులు ఊళ్లో కరెంటు ఉన్నా సొంత ఆయిల్ ఇంజన్ని వదులుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

జనం దీనికి పెట్టుకున్న పేరు లో వోల్టేజీ. ఇంగ్లీషు రాని ముసలమ్మ కూడా ఆ రెండు మాటలూ అనేది. మోటారు కాలినా లో వోల్టేజీయే, ఫ్యాను తిరగకపోయినా లో వోల్టేజీయే. కారణం అడిగితే మాత్రం లైన్‌మన్ పైఅధికారిని చూపేవాడు, పైఅధికారి హైదరాబాదును చూపేవాడు. నిజానికి కారణం ఊరి బయట, అందరి కళ్లెదుటే, స్తంభాల మీద సన్నగా వేలాడుతూ ఉంది.

దాన్ని పట్టుకునే సూత్రం అప్పటికే 130 ఏళ్ల నాటిది. గేయార్గ్ ఓమ్ అనే జర్మన్ బడిపంతులు కొలోన్ నగరంలో పాఠాలు చెబుతూ, దొరికిన సామానుతోనే ప్రయోగాలు చేసి 1827లో ఒక పుస్తకం అచ్చువేశాడు. తీగ రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ పెడితే దానికి తగ్గ నిష్పత్తిలోనే కరెంటు పారుతుందని అందులో చెప్పాడు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది ఆ తీగ నిరోధం. ఈ రోజు తొమ్మిదో పదో తరగతి పిల్లలు అప్పజెప్పే మాట ఇది. ఆనాటి జర్మన్ పండితులు మాత్రం దీన్ని పెద్దగా ఖాతరు చేయలేదు. ఓమ్ ఉద్యోగం వదులుకుని ఏళ్ల తరబడి అరకొర బతుకు బతికాడు. గుర్తింపు బయటి దేశం నుంచి వచ్చింది: 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఇంగ్లండులో జేమ్స్ జౌల్ రెండో సగం పూర్తి చేశాడు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికీ, నిరోధానికీ తగినట్టు పెరుగుతుందని తేల్చాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలన్నమాట. గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు ముగిసి అప్పటికి ఎనిమిదేళ్లు. కృష్ణకు అడ్డుకట్ట ఇంకా కాగితం మీదకైనా సరిగా రాలేదు. ఆ ఇద్దరి లెక్క మన పొలాల మీదకు రావడానికి వందేళ్లకు పైగా పట్టింది.

ఒక ఊరు అనుకుందాం, దివిసీమ చివర. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్కో ఫేజులో 240 వోల్టులు ఉన్నాయి. అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల తీగ. బోర్డు మనుషులు తీగలను జంతువుల పేర్లతో పిలుస్తారు. స్క్విరల్, వీజిల్, రాబిట్ అని బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేర్లు. జంతువు చిన్నదైతే తీగ సన్నం. పల్లె లైన్లకు ఎక్కువగా పడింది ఈ మూడింట్లోకీ సన్నని స్క్విరల్. దాని నిరోధం కిలోమీటరుకు దాదాపు 1.4 ఓములు, రెండు కిలోమీటర్లకు 2.8. చివర ఒక పిండి మర, ఒక మురుగు నీరు తోడే మోటారు, రెండూ ఐదేసి హార్స్‌పవర్. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కాబట్టి ఒక్కో మోటారు ఇవ్వాల్సిన శక్తి 3,730 వాట్లు. మోటారులో పోయే నష్టమూ, పవర్ ఫ్యాక్టరూ కలిపి చూస్తే నిండు వోల్టేజీ దగ్గర ఒక్కోటి ఫేజుకు 7.6 ఆంపియర్లు తీసుకుంటుంది. రెంటికీ కలిపి 15.

పదిహేను ఆంపియర్లను 2.8 ఓములతో గుణించండి. 42 వోల్టులు తీగలోనే పోయాయి. మర దగ్గరకు చేరింది 198.

కథ ఇక్కడితో అయిపోతే నయమే. బల్బూ మోటారూ తక్కువ వోల్టేజీకి ఒకే తీరుగా స్పందించవు. 240 వోల్టుల దగ్గర 100 వాట్ల బల్బు నిరోధం 576 ఓములు. 198 వోల్టులే అందితే అది తక్కువ కరెంటు తీసుకుని 68 వాట్లకు సరిపెట్టుకుంటుంది. చల్లబడిన ఫిలమెంటు నిరోధం కొంచెం తగ్గుతుంది కాబట్టి వాట్లు ఇంకాస్త ఎక్కువ ఉండవచ్చు, కానీ వెలుగు మాత్రం వాట్ల కంటే వేగంగా పడిపోతుంది. మోటారు అలా సరిపెట్టుకోదు. మర మీద గింజలున్నాయి, పంపు మీద నీటి బరువుంది. ఆ బరువు తిప్పడానికి కావలసిన వాట్లు ఎలాగైనా కావాలి. వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెంచుకుని లాగుతుంది. ఆంపియర్లు పెరిగితే తీగలో నష్టం పెరుగుతుంది, వోల్టేజీ మరింత పడుతుంది, మోటారు మరింత లాగుతుంది. ఈ లెక్కను చివరిదాకా తీసుకువెళ్తే మన ఊళ్లో వోల్టేజీ 185 దగ్గర, కరెంటు 20 ఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. మోటారు వైండింగులో పుట్టే వేడి ఉండాల్సిన దాని కంటే మూడింట రెండొంతులు ఎక్కువ. మూడు తీగల్లో కలిపి గాలిలోకి పోతున్నది 3,300 వాట్ల పైమాటే, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయలుదేరిన శక్తిలో నాలుగో వంతుకు మించి. మూడో ఐదు హార్స్‌పవర్ మోటారు ఎవరైనా అదే తీగకు తగిలిస్తే ఈ లెక్కకు జవాబే దొరకదు. మోటార్లు మూలుగుతూ నిలిచిపోతాయి, ఫ్యూజు పోతుంది, లేదా వైండింగు కాలుతుంది.

ఆ రోజుల్లో మోటారు కాలితే రైతుకు రెండు నష్టాలు. రివైండింగ్ ఖర్చు ఒకటి, అది బండెక్కి గుడివాడకో తెనాలికో విజయవాడకో వెళ్లి తిరిగి వచ్చేలోపు నీట మునిగిన నారు రెండోది. పక్కవాడు మోటారు పెట్టాక తన మోటారు కాలిందని రైతు గొణిగితే అది అసూయ అనుకునేవారు. లెక్క ప్రకారం చూస్తే అతను చెప్పింది అక్షరాలా నిజం.

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు దీనికి హద్దు గీశాయి. ఇంటికి చేరే వోల్టేజీ ప్రకటించిన దానికంటే నూటికి 6 వంతులకు మించి అటూ ఇటూ కాకూడదన్నాయి. 240కి ఆ లెక్కన అడుగు హద్దు దాదాపు 226. పల్లె తీగల చివర ఆ హద్దు నిలవాలంటే తీగలు లావుగా ఉండాలి, లేదా ట్రాన్స్‌ఫార్మర్లు ఊరికి దగ్గరగా రావాలి. రెంటికీ డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో చెప్పుకోవాలంటే మన కంకిపాడు మనిషి దగ్గరకు రావాలి.

కానూరి లక్ష్మణరావు, అందరూ పిలిచే పేరు కె.ఎల్. రావు, 1902లో కంకిపాడులో పుట్టాడు. ఆనకట్టల నిర్మాణంలో దేశంలోనే పేరున్న ఇంజనీరు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లి, ఆ మరుసటి ఏడు నుంచి 1973 దాకా కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖలు చూశాడు. రాష్ట్రాల కరెంటు వ్యవస్థలను కలిపే ప్రాంతీయ విద్యుత్ బోర్డులు 1964లో, గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఆయన హయాంలోనే వచ్చాయి. పల్లెకు కరెంటు వెళ్లాలన్న పట్టుదల ఆ మంత్రిలో ఉన్నంతగా అంతకుముందు ఢిల్లీలో ఎవరిలోనూ కనిపించలేదని నా అభిప్రాయం. చీకట్లో ఉన్న దేశంలో ముందు తీగ అందించడం, తర్వాత బాగుచేయడం అన్న వరుస ఆనాటి పరిస్థితిలో సబబే.

చిక్కు లెక్కించిన తీరులో వచ్చింది. ఒక గ్రామ రెవెన్యూ హద్దులో ఎక్కడైనా, ఏ అవసరానికైనా కరెంటు వాడితే ఆ గ్రామం విద్యుదీకరణ జరిగిన గ్రామం కిందే లెక్క. పొలిమేరలో ఒక్క పంపుసెట్టు తిరిగినా చాలు. 1997 దాకా ఈ నిర్వచనమే నడిచింది. ప్రణాళిక నివేదికల నిండా విద్యుదీకరించిన గ్రామాలు, కనెక్షన్ ఇచ్చిన పంపుసెట్ల అంకెలే. తీగ చివర ఎన్ని వోల్టులు అందుతున్నాయన్న వరుస ఆ పట్టికల్లో లేదు. ఊళ్ల సంఖ్య పెరగాలంటే ఉన్న డబ్బుతో తీగను వీలైనంత దూరం లాగాలి. దూరం లాగాలంటే సన్నగా లాగాలి. సన్నని, పొడవైన తీగకు నిరోధం ఎంతో పైన చూశాం.

పై స్థాయిలో కూడా కోస్తా ఒక శివారే. మాచ్‌ఖండ్ నుంచి విజయవాడకు గాలివాటున చూసినా దాదాపు 300 కిలోమీటర్లు. ఎగువ సీలేరు 1967–68లో వచ్చింది, అదీ కనుమల్లోనే. అంత దూరం నుంచి 132, 220 కిలోవోల్టుల మీద వస్తున్నా, దారిలో విశాఖ, గోదావరి జిల్లాల వాడకం అయ్యాక మిగిలింది మనకు. పైగా జలవిద్యుత్తు వానల మీద బతికేది. వాన తప్పిన ఏడు కాలువలో నీరూ తగ్గేది, కరెంటూ తగ్గేది. రైతుకు మోటారు అవసరం ఎక్కువయ్యే ఏడే మోటారుకు కరెంటు కరువు.

ఈ పరిస్థితిలో 1974లో విద్యుత్ బోర్డు అధ్యక్ష పదవికి మరో కృష్ణా జిల్లా మనిషి వచ్చాడు. గుడివాడ ప్రాంతంలోని కౌతవరానికి చెందిన నార్ల తాతారావు. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు తమ్ముడు. 1988 దాకా, పద్నాలుగేళ్లు, ఆ కుర్చీలో ఉన్నాడు. ప్రభుత్వాలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, ఆయన మారలేదు. ఒక ఇంజనీరుకు అంత నిడివి దొరకడం మన రాష్ట్రంలో అరుదు. దిగువ సీలేరు, నాగార్జునసాగర్, శ్రీశైలం యంత్రాలు తిరగడం మొదలైనదీ ఆ కాలంలోనే. మన కథకు మాత్రం ముఖ్యమైనది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో కట్టిన బొగ్గు కేంద్రం.

బొగ్గుతో కరెంటు తీయాలంటే రెండు దారులు. గని పక్కనే కేంద్రం పెట్టి తీగ మీద కరెంటు పంపడం ఒకటి. 1966లో మొదలైన కొత్తగూడెం కేంద్రం అలాంటిది. బొగ్గునే రైలెక్కించి, వాడకం ఉన్న చోటికి తెచ్చి కాల్చడం రెండోది. రెండో దారిలో రైలు కిరాయి భారం తక్కువేం కాదు. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి నిండుగా నడిస్తే రోజుకు 50 లక్షల యూనిట్ల కరెంటు ఇస్తుంది. మన బొగ్గుతో యూనిట్‌కు ఏడు వందల గ్రాములనుకున్నా రోజుకు సుమారు 3,500 టన్నులు మోయాలి. అయినా విజయవాడ పక్కన కేంద్రం పెట్టడానికి బలమైన కారణాలున్నాయి. సింగరేణి నుంచి డోర్నకల్ మీదుగా వచ్చే రైలు మార్గం కొండపల్లిని తాకుతూ పోతుంది. ఆవిరిని చల్లార్చడానికి కృష్ణ ఉంది. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: శివారులో ఊతం. దూరం నుంచి ఎంత కరెంటు వచ్చినా తీగల చివర వోల్టేజీ వంగుతుంది. ఆ చివరే పెద్ద జనరేటర్ ఒకటి కూర్చుంటే తన ఎక్సైటేషన్ పెంచి చుట్టుపక్కల వోల్టేజీని నిలబెడుతుంది.

నీటి విషయంలో ఒక సంగతి ఎక్కువమంది గమనించరు. 1952లో పాత ఆనకట్ట తెగకపోతే, దాని స్థానంలో 1957లో గేట్లున్న ప్రకాశం బ్యారేజీ రాకపోతే, ఎగువన ఏడాది పొడవునా నిలకడగా నీటిమట్టం ఉంచడం అయ్యేది కాదు. పంటల కోసం కట్టిన బ్యారేజీయే కరెంటు కేంద్రానికి చెరువైంది. కేంద్రం ఒక కాలువ ద్వారా చల్లటి నీరు తీసుకుని, కండెన్సర్లలో తిప్పి, వేడెక్కిన నీటిని మళ్లీ నదిలోకే వదులుతుంది. నీరు పెద్దగా ఖర్చు కాదు, మట్టం మాత్రం తగ్గకూడదు. ఎండాకాలంలో బ్యారేజీ దగ్గర నీటిమట్టం గురించి రైతులతో పాటు కరెంటు ఇంజనీర్లూ ఆరా తీయడం అప్పటి నుంచే మొదలైంది.

కేంద్రం పని సాగుతుండగానే 1977 నవంబరు 19 వచ్చింది. దివిసీమ ఉప్పెన గురించి రాయడానికి ఈ ధారావాహిక సరిపోదు. పదివేల మందికి పైగా పోయారు. ఊళ్లే తుడిచిపెట్టుకుపోయిన చోట కరెంటు స్తంభాల గురించి మాట్లాడటం చిన్న విషయంగా తోస్తుంది. కానీ ఆ తర్వాతి నెలల్లో మంచినీటి పంపు తిరగాలన్నా, ఆస్పత్రిలో దీపం వెలగాలన్నా తీగ మళ్లీ నిలబడాలి. అవనిగడ్డ దాటి బురదలో, కుళ్లుతున్న పశువుల కళేబరాల మధ్య స్తంభాలు ఎత్తిన లైన్‌మన్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా కనిపించవు.

సముద్రం పక్కన తీగకు మరో శత్రువు ఉప్పు గాలి. అల్యూమినియం తీగ లోపలి ఉక్కు పోగు తుప్పు పడుతుంది, జాయింట్లు చెడతాయి. పైకి తీగ బాగానే కనిపిస్తుంది, లోపల ముడి దగ్గర నిరోధం పెరిగి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి అనుభవమున్న లైన్‌మన్ చేసే పని చాలా సులువు. లోడు ఉన్న వేళ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజీ చూస్తాడు, తీగ చివర చూస్తాడు, టాంగ్ టెస్టర్ తీగ చుట్టూ తగిలించి ఆంపియర్లు చూస్తాడు. రెండు వోల్టేజీల తేడాను ఆంపియర్లతో భాగిస్తాడు. 42ను 15తో భాగిస్తే 2.8 వచ్చిందా, ఆ రెండు కిలోమీటర్ల తీగ ఆరోగ్యంగా ఉందన్నమాట. నాలుగు వచ్చిందా, దారిలో ఎక్కడో ఒక జాయింటు వేడెక్కుతోంది. స్తంభం ఎక్కకుండానే, భాగహారంతో జబ్బు తెలుస్తుంది. ఎర్తు గుంతకూ ఇదే సూత్రం. డెల్టా నల్లరేగడి తడిగా ఉన్నన్నాళ్లు ఎర్తు నిరోధం తక్కువ. వేసవిలో నేల బీటలు వారితే పెరుగుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో నీళ్లు పోయమని పెద్దలు చెప్పింది అందుకే. ఓమ్ సూత్రాన్ని ఈ జిల్లాలో అసలు కాపాడినవాళ్లు ఇలాంటి లైన్‌మన్లేనని నేను నమ్ముతాను.

1979 నవంబరులో విజయవాడ థర్మల్ మొదటి యూనిట్ గ్రిడ్డుకు కలిసింది. 1980 అక్టోబరులో రెండోది. ఒక్కోటి 210 మెగావాట్లు. భెల్ తయారుచేసిన ఆ జనరేటర్ మీద రాసి ఉండే అంకెలు చూడండి: 15,750 వోల్టులు, 9,050 ఆంపియర్లు. రెంటినీ గుణించి, మూడు ఫేజులు కాబట్టి 1.732తో హెచ్చవేసి, పవర్ ఫ్యాక్టర్ 0.85తో మళ్లీ హెచ్చవేస్తే దాదాపు 210 మెగావాట్లు వస్తాయి. పిండి మరకు చేసిన లెక్కే ఇది, అంకెలే పెద్దవి. తొమ్మిది వేల ఆంపియర్లను ఏ తీగా మోయలేదు. అందుకే గేటు దాటకముందే ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజీని 220 కిలోవోల్టులకు ఎత్తుతుంది. అప్పుడు కరెంటు 650 ఆంపియర్లకు దిగుతుంది. కరెంటు పద్నాలుగో వంతుకు పడింది కాబట్టి, అదే తీగలో పుట్టే వేడి దాదాపు 195వ వంతుకు పడుతుంది. జౌల్ 1841లో చెప్పిన వర్గం ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది. పల్లె తీగ మీద అదే వర్గం మనకు ఎదురు తిరిగింది.

ఆ ఏడాదే, 1980 నాటికి, మద్రాసు–విజయవాడ రైలు మార్గం మీద కరెంటు ఇంజన్లు నడవడం మొదలైంది, 25 కిలోవోల్టుల మీద. విజయవాడ స్టేషన్‌లో బొగ్గు పొగ తగ్గిన కాలమూ, ఇబ్రహీంపట్నంలో బొగ్గు పొగ లేచిన కాలమూ ఒకటే. బూడిద సంగతి చెప్పకుండా దాటడం న్యాయం కాదు. సింగరేణి బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. కేంద్రం పెరిగిన కొద్దీ బూడిద చెరువు పెరిగింది. ఎండాకాలం గాలికి లేచిన దుమ్ము ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు ఇళ్ల మీద, వంట గిన్నెల మీద పడింది. డెల్టాకు వెలుగు ఇచ్చిన ఊళ్లు ఇప్పటికీ ఆ దుమ్ము పీలుస్తూనే ఉన్నాయి.

మరి శివారు మారిందా? పై స్థాయిలో మారింది. గ్రిడ్డుకు కోస్తాలో గట్టి స్తంభం దొరికింది. తర్వాత 1989 నుంచి 1995 మధ్య మరో నాలుగు 210 మెగావాట్ల యూనిట్లు, 2009లో 500 మెగావాట్ల యూనిట్ చేరాయి. కేంద్రానికి నార్ల తాతారావు పేరే పెట్టారు. కింది స్థాయిలో, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలం దాకా వెళ్లే స్క్విరల్ తీగ మీద, పెద్దగా ఏమీ మారలేదు. ఇబ్రహీంపట్నంలో ఎన్ని మెగావాట్లు పుట్టినా ఆ రెండు కిలోమీటర్లలో 2.8 ఓములు అలాగే ఉన్నాయి. మందు అప్పుడే తెలుసు: 11 కిలోవోల్టుల తీగను ఊరి దాకా, వీలైతే పొలం దాకా తెచ్చి, చివర చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. మన ఊరి రెండు మోటార్ల లోడు 11 కిలోవోల్టుల మీద అర ఆంపియరుకు కాస్త ఎక్కువ, అంతే. అదే సన్నని తీగలో నష్టం లెక్కలోకి రానంత. ఆ పని విస్తారంగా జరగడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఇందులో బోర్డును నేను పూర్తిగా తప్పుపట్టను, డబ్బు నిజంగానే లేదు. కానీ శివారు వోల్టేజీని ఏటా కొలిచి అచ్చువేసి ఉంటే, ఆ డబ్బు అడగడానికైనా బోర్డు చేతిలో ఒక కాగితం ఉండేది. కొలవని దాన్ని ఎవరూ బాగుచేయలేదు.

కొలత అసలు వద్దన్న కాలం కూడా వచ్చింది. 1980ల మొదట్లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పోయాయి. హార్స్‌పవర్‌కు ఏడాదికి ఇంత అని శ్లాబు వచ్చింది, ఎన్.టి. రామారావు ప్రభుత్వం దాన్ని 50 రూపాయలకు దించింది. మోటారు మీద రాసి ఉన్న అంకెకూ, అది నిజంగా లాగే ఆంపియర్లకూ ఉన్న తేడా అప్పటి నుంచి రైతుకూ బోర్డుకూ మధ్య తగవైంది. నేమ్‌ప్లేట్లు మారాయి, టాంగ్ టెస్టర్లతో తనిఖీలు వచ్చాయి, చివరికి 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి. ఆ కథ వచ్చే భాగంలో. ఆ శ్లాబు రోజుల రసీదులు గాని, పాత మోటారు నేమ్‌ప్లేట్లు గాని మీ ఇళ్లలో ఉంటే పారేయకండి. 1977 తర్వాత దివిసీమ లైన్ల మీద పనిచేసిన లైన్‌మన్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే, వాళ్లు చెప్పేది ఇప్పుడే రాసిపెట్టుకుని మాకు పంపండి.